డబ్బాలో బురద

పశువుల డాక్టరమ్మ కొండదారిలో జీపు నడపబట్టి పన్నెండేళ్లయింది. అయినా టైర్ల షాపాయన ఆమె మొగుడి వైపు తిరిగే మాట్లాడుతున్నాడు.

"ఈ వెడల్పువి తీసుకోండి సార్. బండి పులిలా కనబడుతుంది."

దర్జీ పని చేసే ఆ మొగుడు చేతులెత్తేశాడు. "నాకు సూదిలో దారం ఎక్కించడం తప్ప ఏమీ తెలీదండీ. బండి ఆవిడది, ఆవిణ్ణే అడగండి."

"ఆడవాళ్లు నడిపే బండైతే మామూలు రోడ్డు టైర్లు చాల్లెండి సార్," అన్నాడు షాపాయన, మళ్లీ ఆయనతోనే.

డాక్టరమ్మకు ఒళ్లు మండింది గానీ నోరు జారలేదు. సంచిలోంచి స్టీలు డబ్బా బయటికి తీసింది. అందులో ఉన్నది అన్నం కాదు, పొద్దున్నే తన దారిలో తవ్వి తెచ్చిన జిగట బురద. వెడల్పు టైరు గాడుల్లో దాన్ని బొటనవేలితో కూరి, పక్కనున్న సుత్తితో టైరును నాలుగు దెబ్బలు వేసింది. బురద ఇసుమంత కూడా కదల్లేదు. గాడులు పూడిపోయాక ఎంత ఖరీదైన టైరైనా నున్నటి టైరే.

మూలన దుమ్ముపట్టి ఉన్న సన్నటి టైరుకూ అదే పని చేసింది. దాని గాడులు ఎడంగా, లోతుగా ఉన్నాయి. ఒక్క దెబ్బకే బురదంతా రాలి నేలమీద పడింది.

"ఇవి నాలుగు బిగించండి."

"షాపంతా పాడుచేశారు కదండీ," అన్నాడు షాపాయన, మొదటిసారి ఆమె వైపు తిరిగి.

"గుడ్డ ఇవ్వండి, తుడిచే పోతాను. రేపు కొండమీద కడుపులో దూడ అడ్డం తిరిగి ఆవు నొప్పులు పడుతుంటే, నా బండి దారిలో దిగబడితే, మీ పులి వచ్చి ఆ దూడను బయటికి తీస్తుందా?"