గాలికి వదలని గ్యాసు

ఆ ఏసీ మెకానిక్కును వీధిలో అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ చల్లన్నే. ఎండలు ముదిరితే దేవుడికన్నా ముందు అతనికే దండం పెడతారు. వాతావరణం చల్లబడ్డాక ఎదురుపడినా పలకరించరు. దానితో అతనికి పేచీ లేదు. పేచీ అంతా కొడుకు యూనివర్సిటీలో చేరాక మొదలైంది.

సెలవులకు వచ్చిన కొడుకు ఒకరోజు సరదాగా తండ్రి వెంట పనికి వెళ్లాడు. ఇల్లు మారుతున్నవాళ్ల ఏసీ విప్పాలి. చల్లన్న అలవాటు చొప్పున నట్టు వదులు చేశాడు. లోపలి గ్యాసు బుస్సుమంటూ గాల్లో కలిసింది. కుర్రాడు పామును చూసినట్టు ఎగిరిపడ్డాడు.

"నాన్నా! అలా వదిలేస్తావా? అది మామూలు పొగకన్నా ఎన్నో వందల రెట్లు చెడ్డది. భూమి వేడెక్కిపోతుంది."

"నేను చల్లబరిచేవాణ్ణి కదరా."

"గదిని చల్లబరుస్తావు. బయటి సంగతో?"

సెలవులన్నాళ్లూ ఇంట్లో ఇదే పాఠం. తల్లి గుడ్డసంచి మరిచి బజారుకు బయల్దేరితే గుమ్మంలోనే ఆపేసేవాడు. యూనివర్సిటీలో పర్యావరణం మీద ఒక పేపరు తప్పనిసరట; మొక్కలు నాటి, చెయ్యి చాచి ప్రతిజ్ఞ కూడా చేశారట. చెయ్యి చాచి చేసిన ప్రతిజ్ఞలు చెయ్యి దించేదాకానే నిలుస్తాయని లోకానికి తెలుసు. చల్లన్నకు తెలియదు. తాను గడప తొక్కని చదువు కొడుకు నోట పలికిందంటే అతనికది వేదమే. గ్యాసును తిరిగి సిలిండరులోకి లాగే యంత్రం, వాడినదే ఒకటి, కొనితెచ్చాడు.

చిక్కు బావమరిదితో వచ్చింది. చల్లన్న చేతికింద పని నేర్చుకుని భాగస్వామి అయినవాడు.

"చిటికెలో పోయేదానికి ఇంతసేపు కాపలా ఏంటి బావా? ఈలోగా ఇంకో ఇల్లు చూసొద్దుం. పక్కవీధివాడు మన గిరాకీనంతా ఎగరేసుకుపోతున్నాడు."

"చదువుకున్నవాడు చెప్పాడురా."

"ఏం చెప్పాడో నాకూ చెప్పు. నచ్చితే ఈ గుదిబండను నేనే మోస్తా. లేదంటే ఇదన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి."

చల్లన్న చెప్పబోయి తడబడ్డాడు. భూమి, వేడి, పొగ, రెట్లు... కొడుకు నోట్లో వరసగా నిలబడ్డ మాటలు తన నోట్లో తోసుకున్నాయి. బావమరిది అంటే కుడిభుజం. ఇంతమాత్రానికి మనిషిని పోగొట్టుకోవడమేమిటి? కొడుకు దగ్గర మళ్లీ మొదట్నుంచీ విని వద్దామని హాస్టలుకు బయల్దేరాడు.

గది తలుపు తట్టకముందే ఏసీ చప్పుడు వినిపించింది. లోపల కిటికీ బార్లా తెరిచి ఉంది.

"కిటికీ తీసి ఏసీ ఏంట్రా?"

"రూమ్మేటుకి కిటికీ మూస్తే ఊపిరాడదు. నాకు చల్లగా లేకపోతే నిద్రపట్టదు. రాజీ పడ్డాం నాన్నా."

"మరి ఆ గ్యాసూ, భూమీ..."

"ఓ, అదా! ఆ పేపరు పోయిన సెమిస్టరుతో అయిపోయింది. మంచి మార్కులే వచ్చాయి."

టీ తాగుదామని కాంటీనుకు వెళ్లారు. అక్కడ తండ్రి ప్లాస్టిక్ కప్పులో టీ అందుకోబోతే కొడుకు చెయ్యి అడ్డం పెట్టి, గదిలోంచి తెచ్చిన స్టీలు గ్లాసులో పోయించాడు. ఎవరూ చూడడం లేదు. ఎవరూ మార్కులు వేయడం లేదు. పిల్లవాడు నిజంగా నమ్మాడనుకుందామంటే ఆ ఏసీ, అంతా నాటకమనుకుందామంటే ఈ గ్లాసు. చల్లన్న టీ తాగి, అడగవలసింది అడగకుండానే బస్సెక్కాడు.

మర్నాడు ఒక డాబామీద పని. బావమరిది పానా పట్టుకుని సిద్ధంగా కూర్చున్నాడు.

"ఏమన్నాడు మీవాడు?"

"పరీక్ష అయిపోయిందట."

బావమరిది పకపకా నవ్వాడు. "బతికించాడు. వదిలెయ్యనా అయితే?"

చల్లన్న గొట్టం తెచ్చి వాల్వుకు బిగించి, యంత్రం ఆన్ చేశాడు.

"ఎందుకు బావా? ఒక్క కారణం చెప్పు. పోనీ, అబద్ధమైనా చెప్పు, వింటా."

"తెలీదురా."

బావమరిది పనిముట్ల సంచి భుజాన వేసుకుని మెట్లవైపు నడిచాడు. అదే క్షణాన గొట్టం మూతి దగ్గర సన్నగా బుస్సుమంది. చల్లన్న గుడ్డ చుట్టి అదిమి పట్టాడు. చెయ్యి తీస్తే గ్యాసు పోతుంది. తియ్యకపోతే మనిషి పోతున్నాడు.

"ఒరేయ్, ఆగరా!" అని కూర్చున్నచోటి నుంచే అరిచాడు. యంత్రం రొదలో ఆ కేక మెట్లదాకా వెళ్లిందో లేదో అతనికి తెలియలేదు.