నేను పెట్టని పేర్లు

ఆ అమ్మాయి మీద నాకున్నదాన్ని చెప్పడానికి మర్యాదైన మాట ఏదైనా దొరుకుతుందేమోనని చాలా వెతికాను. తెలుగు పాఠం చెప్పుకుని బతికినవాణ్ణి, మాటలకు కరువా? అయినా దొరకలేదు. కుళ్లు. అంతే.

రిటైరైన రెండో ఏడు, నా దగ్గర ఇంటర్ చదివిన కుర్రాడొకడు ఇంటికి వచ్చాడు. ఫోన్‌లో ఆడుకునే ఆటలు తయారుచేసే ఆఫీసు ఒకటి నల్లపాడులో మేడ మీద పెట్టానన్నాడు. అప్పుడు వాళ్లు చేస్తున్నది పంటకాపలా ఆట. మిరప చేను మీదకీ పత్తి చేను మీదకీ పురుగులు దండెత్తి వస్తాయి, మన సైన్యం వాటిని ఆపాలి. సైనికులకీ పురుగులకీ సామానుకీ అప్పటిదాకా నంబర్లే ఉన్నాయి.

"మీరు పేర్లు పెట్టాలి మాస్టారూ. ఆట తెరవగానే 'పేర్లు పెట్టినవారు' అని మీ పేరు పడుద్ది," అన్నాడు.

ముప్పై ఏళ్లలో నా పేరు కాలేజీ టైంటేబుల్‌లో తప్ప ఎక్కడా అచ్చు కాలేదు. కవినని లోలోపల నమ్ముతున్న మనిషికి అదెంత వెలితో కవులకే తెలుస్తుంది. కాఫీ చల్లారకముందే ఒప్పేసుకున్నాను.

వాళ్ల ఆఫీసులోనే నిఘంటువులు ముందేసుకుని మూడు వారాలు కూర్చున్నాను. వీపుకి మందు కొట్టే మిషన్ తగిలించుకుని వచ్చే సైనికుడికి 'విషవర్షకుడు' అని పెట్టాను. పత్తికాయ తొలిచే గులాబీ పురుగుకి 'కార్పాసభక్షిక'. ఆఫీసులో అందరూ "సూపర్ మాస్టారూ" అన్నారు. ఆ పేర్లు ఒక్కడూ తిరిగి పలకలేదు. భక్తితో పలకలేదనుకున్నాను.

ఆ అమ్మాయిది పేర్లు పెట్టే ఉద్యోగం కాదు. ఆట ఆడి చూసి తప్పులు పట్టే ఉద్యోగం. సత్తెనపల్లి నుంచి రోజూ రైల్లో వచ్చేది. వాళ్లమ్మ మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్తుందని ఎవరో చెప్పారు. ఒకరోజు మధ్యాహ్నం ఆటలో పురుగులు చుట్టుముట్టేసరికి పక్క కుర్చీ వాడితో గట్టిగా, "ఒరేయ్, ఆ వీపుమోతగాణ్ణి ముందుకు పంపరా బాబూ!" అని అరిచింది.

ఆఫీసంతా తిరిగి చూసింది. నేనూ చూశాను. వీపు మీద మోసేవాడు. వాడి మిషన్ చేసేదీ మోతే. ఎదురొచ్చిన పురుగుకి జరిగేదీ వీపు మోతే. ఒక్క మాటలో మూడు అర్థాలు! ముప్పై ఏళ్లు శ్లేష అంటే ఏమిటో పిల్లలకు చెప్పాను. సొంతంగా ఒక్కటీ పుట్టించలేకపోయాను. ఈ పిల్ల సమోసా తింటూ పుట్టించింది.

విషవర్షకుడు ఆ సాయంత్రమే పోయాడు. మర్నాడు గులాబీ పురుగు సంగతి వచ్చింది. "ఇల్లరికపల్లుడు అందాం సార్. కాయలోకి దూరి, తలుపేసుకుని, కూచున్నచోటే మేస్తాడుగా," అంది ఆఫీసు పెట్టిన మా వాడితో. అందరూ పడీపడీ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఆపుకుందామన్నా ఆగలేదు. ఆ నవ్వుని మాత్రం నేనిప్పటికీ క్షమించలేదు.

ఆ వారమంతా నేనూ నాటు పేర్లు పెట్టబోయాను. 'మందన్న' అని ఒకటి, 'పురుగక్క' అని ఒకటి. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుంది నా పని. రాసిన కాగితం నేనే చింపేశాను.

చివరికి నాకు మిగిలింది, ఒక్కో పేరు కింద ఒక్కో వాక్యం వివరణ రాయడం. ఆటలో యుద్ధం గెలిచాక మిరపకాయలు ఏరాలి. ఎర్రనివి ఒక కుప్ప, రంగు పోయి తెల్లబడ్డవి ఇంకో కుప్ప. తెల్లవాటికి ఆమె 'తాలు' అని పెట్టింది. నేను కింద రాశాను: "తాలు: సారం లేనిది, గాలికి పోయేది. పారబోయాలి."

ఆమె నా భుజం మీదుగా చదివి, "మాస్టారూ, తాలంటే మా వైపు..." అంటూ ఏదో చెప్పబోయింది.

"తాలంటే నాకు తెలీదా? తెనాలి పక్కన వడ్లు తూర్పారబట్టిన ఇంట్లో పుట్టానమ్మాయ్," అన్నాను. ఆమె తన కుర్చీకి వెళ్లిపోయింది. ఆరోజు అన్నం బాగా సహించింది నాకు.

ఆట తయారుచేసేవాళ్లు నా వాక్యాన్నే నమ్మి, తాలుని తాకితే గట్టు అవతల పడిపోయేట్టు చేశారు. వారం తిరక్కుండా, ముందుగా ఆడి చూడమని ఇచ్చిన మిరప రైతుల పిల్లలు ఫోన్లు చేసి తిట్టారు. వడ్లలో తాలు గాలికి పోతుంది. మిరపలో తాలు వేరే బస్తాకెత్తుతారు, దానికీ కొనేవాళ్లుంటారు. "ఎవడండీ ఈ ఆట చేసింది? మిరపకాయ మొహం చూశాడా ఎప్పుడైనా?" అని ఒకడు అడిగాడట.

మా వాడు నేరుగా ఆ అమ్మాయి బల్ల దగ్గరికి వెళ్లాడు. "ఏందమ్మా ఇది? మీ అమ్మ చేసేదే మిరపకాయల పని. ఆ మాత్రం తెలీదా?"

పేరు ఆమెది కాబట్టి వాక్యమూ ఆమెదే అనుకున్నాడు. నేను రెండడుగుల దూరంలోనే ఉన్నాను. ఆమె నా వైపు ఒక్కసారి చూసింది. నేను నిఘంటువులోకి చూశాను.

"సరిచేస్తానండీ," అంది.

సరిచేసింది కూడా. "తాలు: రంగు పోయింది, కారం పోలేదు. వేరే బస్తాకెత్తు." వాక్యమైనా నాదనుకున్నాను. అదీ పోయింది.

ఆట బయటికి వెళ్లే ముందు మా వాడు నన్ను పక్కకి పిలిచాడు. "ఏమీ అనుకోకండి మాస్టారూ. పిల్లలందరి నోళ్లలో ఆ అమ్మాయి పేర్లే ఆడుతున్నాయి. 'పేర్లు పెట్టినవారు' దగ్గర ఆమె పేరు వేస్తాం. మీకు కృతజ్ఞతలు అని వేరే వేద్దాం." అలాగేనోయ్, దానికేముంది అన్నాను.

మర్నాడు ఆ అమ్మాయి నన్ను పిలిచి తెర చూపించింది. 'పేర్లు పెట్టినవారు' కింద రెండు పేర్లున్నాయి. పైన నాది, కింద ఆమెది.

"సార్ నాదొక్కటే వెయ్యమన్నారు. నేనే అడిగి రెండూ వేశా. పెద్దవాళ్లు, మీది పైనుండాలిగా మాస్టారూ," అంది.

తాలు సంగతి ఎవరికీ చెప్పని పిల్ల, ఇప్పుడిది కూడా చేసింది. నాకు లేని మాట ఆమెకుంది, సరే. నాకు లేని మనసు కూడా ఆమెకే ఉండాలా? థాంక్స్ అనాలి. తప్పయిపోయిందమ్మా అనాలి. రెండూ నాలుక చివరిదాకా వచ్చాయి. కళ్లజోడు సర్దుకుని తెర మీదకి వంగాను.

"మా ఇంటిపేరులో ల కాదు, ళ. అచ్చుకెళ్లేదాన్ని ఆ మాత్రం చూసుకోవద్దూ?" అన్నాను.

"అయ్యో, సారీ మాస్టారూ," అని అక్కడికక్కడే దిద్దింది. మొహం చిన్నబోయింది. ఆ చిన్నబోయిన మొహం చూసి నాకు ఎంతో హాయిగా అనిపించింది. అది ఒప్పుకోవడానికే ఇదంతా రాశాను.