బండి వెనక గుర్రం

తొంభైల మొదట్లో పసుపు కొనడానికి వెళ్లి ఆర్మూరు బస్టాండులో దిగాను. మార్కెట్‌కు టాంగా కోసం చూస్తుంటే, నడివయసు మనిషి ఒకడు తానే బండి లాక్కుంటూ వచ్చాడు. వెనకాల, తాడైనా లేకుండా, తెల్లగుర్రం నడుస్తోంది. కాళ్లకు నాడాలు లేవు. ఒక డెక్కకు నూనెలో కలిపిన పసుపు పూసి ఉంది.

"నాడా మేకు దిగి పుండైంది సార్. వట్టి కాళ్లతోటి నడిస్తేనే మంచిగైతది. మానేదాంక బండికి కట్టను."

"మరి ఇంటి దగ్గరే ఉంచొచ్చుగా?"

"బండి ఎంబడి తిరగకుంటే గడ్డి ముట్టది."

"గుర్రాన్నమ్మి ఆటో కొనుక్కోరాదే సాయన్నా," అని ఒక ఆటో డ్రైవర్ నవ్వాడు. సాయన్న నా పెట్టె బండిలో పెట్టి కదిలాడు. ఎక్కమన్నా నేను ఎక్కలేదు, పక్కనే నడిచాను.

మిట్ట దగ్గర అతని పిక్కలు వణికాయి, కానీ బండి ఆగలేదు. గుర్రం వచ్చి వెనక చెక్కకు తల ఆనించింది.

మార్కెట్ చేరాక, చెమట తుడుచుకోకుండానే నీళ్ల బకెట్ దాని ముందు పెట్టాడు.

"లాగింది నువ్వు కదయ్యా, ముందు నువ్వు తాగు," అన్నాను.

సాయన్న గొంతు తగ్గించాడు.

"గట్ల అనకుండ్రి సార్, వింటది. బండి తానే గుంజుకొచ్చిన అనుకుంటున్నది."