వచ్చారా, వచ్చావా

కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించేది ఆవిడే. అందుకే కథల గుంపులో ఆమెకు అద్దాలావిడ అని పేరు పడిపోయింది. గుంపంటే ఊరంత మంది కాదు, నలుగురే. ఎప్పుడో సగంలో ఆగిపోయిన ఓ టీవీ సీరియల్ మీద ఇప్పటికీ మనసు చంపుకోలేని నలుగురు. అందులో లైట్‌హౌస్ కాపలాదారుడు ఒడ్డున నిలబడి చూస్తుండగా నర్సు పడవెక్కి వెళ్ళిపోతుంది. అంతే, తర్వాత సీరియల్ రాలేదు. ఏటా సెలవులకు ఈ నలుగురూ తలా ఒక భాగం రాసి ఆ కథను ముందుకు లాగుతారు. వాళ్ళిద్దర్నీ మాత్రం కలపరు.

ఈసారి ఎవరు ఏ భాగం రాయాలో ఫోన్లో అందరూ మాట్లాడుకుంటుండగా అద్దాలావిడ అనేసింది. "ఈ సెలవులకైనా వాళ్ళని కలిపేద్దామండీ. ఇక నా వల్ల కాదు."

"కలిపేస్తే వచ్చే ఏడు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటామా?" అంది టీచరమ్మ.

"ఎన్నాళ్ళండీ ఈ నాన్చుడు? పాపం ఆ నర్సుకి జుట్టు నెరిసిపోతోంది" అన్నాడు బస్సు కండక్టరు.

నాలుగో మనిషి ప్రూఫులు దిద్దే ఆయన. కామా పడకూడని చోట పడితే అన్నం సహించని మనిషి కాబట్టి కామాగారు. "చివరి భాగం అద్దాలావిడకే ఇద్దాం" అన్నాడాయన మెల్లగా. దాంతో ఖాయమైపోయింది. ఆయనది వేరే ఊరు. ఆమె ఎన్నడూ చూసింది లేదు, ఆ గొంతు వింటే చాలు, చూడాలని ప్రాణం కొట్టుకుపోయేది.

అసలు తగువు ఆ తర్వాత వచ్చింది. ఇన్నేళ్ళకు పడవ దిగిన నర్సును కాపలాదారుడు ఏమని పలకరించాలి? సీరియల్లో వాళ్ళిద్దరూ "మీరు" దాటింది లేదు.

"ఇంకా మీరేంటండీ, ఆవిడేమైనా టికెట్లు తనిఖీ చేసే అధికారా?" అన్నాడు కండక్టరు.

"ఉన్నట్టుండి నువ్వంటే చెంప పగలదూ?" అంది టీచరమ్మ.

"రాసేవాళ్ళ ఇష్టం" అని కామాగారు తప్పుకున్నాడు.

ఆ మాట తేలక ఆమె తల పట్టుకుని కూర్చుంది. ఓ మధ్యాహ్నం దుకాణానికి వచ్చిన చెల్లెలు, అక్క ఫోను లాక్కుని కామాగారితో నడిచిన కబుర్లన్నీ చదివేసింది.

"అక్కా, ఇదేం భాషే? 'భోజనం అయిందా', 'నిద్ర పట్టిందా', 'జ్వరం తగ్గినట్టేనా'... నెలల తరబడి ఒక్క 'మీరు' లేదు, ఒక్క 'నువ్వు' లేదు. గోడ మీద పిల్లుల్లా కూర్చున్నారేంటే ఇద్దరూ?"

"నోర్మూసుకోవే" అంది గానీ, ఆమె చెవులు ఎర్రబడ్డాయి. తను కావాలనే అలా రాస్తోంది. మీరంటే దూరం, నువ్వంటే భయం. మరి ఆయనెందుకు అలా రాస్తున్నట్టు? ఆయనకూ ఇదేనేమో! ఆ ఆశలో పడి ఒకరి కుడికంటి అద్దాన్ని ఎడమవైపు బిగించి యజమాని చేత చీవాట్లు తింది.

మర్నాడు తెగించి రాసేసింది. పడవ ఒడ్డుకు తగులుతుంది, నర్సు దిగుతుంది, కాపలాదారుడు "వచ్చావా?" అంటాడు. అంతకు మించి ఒక్క ముక్క లేదు. గుంపులో పెట్టకముందే, దిద్దమంటూ కామాగారికి పంపింది. కథ చాటున తను ఆయన్నే అలా పలకరించిందని ఆయన పోల్చుకోకపోతాడా అనుకుంది.

సాయంత్రానికి జవాబు వచ్చింది. "చాలా బాగా రాశారు. కామాలు కూడా దిద్దక్కర్లేదు. చివర్లో 'వచ్చారా' అంటే మర్యాదగా ఉంటుందేమో, ఒకసారి చూడండి."

రాశారు. చూడండి. ఇన్ని నెలలుగా ఒక్కసారీ రానివి, ఇవాళ రెండూ ఒకేసారి వచ్చాయి. ఆయన పోల్చుకున్నాడు, పోల్చుకునే రాశాడు. ఇంత వయసొచ్చి ఒక్క అక్షరం కోసం ఏడుస్తున్నానా అని ఆమెకు సిగ్గేసింది, అయినా ఏడుపు ఆగలేదు.

"అలాగేనండీ" అని ఆయనకు జవాబిచ్చింది. గుంపుకు మాత్రం కథను "వచ్చావా"తోనే పంపింది.