సొంత తమ్ముడికి ‘వారికి’ అని

శుభలేఖల మీద ఇంటిపేర్లు రాసి రాసి నా వేళ్లు వాచిపోయాయి. పెళ్లీ నాదే, రాతా నాదే. దస్తూరి బాగుంటుందన్న పాపానికి పెళ్లికూతుర్నే కూర్చోబెట్టి రాయించిన ఇల్లు, ఆ అరవైల్లో నూజివీడు మొత్తానికి మాదొక్కటే అయి ఉంటుంది. నాన్నది మామిడి వ్యాపారం. కాయ దిగే రోజులు, ఆయనకు తీరికెక్కడ?

మా వైపు ఒక పద్ధతి ఉంది. మనిషి పేరు రాసి ‘గారికి’ అంటే ఆయనొక్కడికే పిలుపు. ఇంటిపేరు రాసి ‘వారికి’ అంటే ఇంటిల్లిపాదికీ. ముసునూరులో ఒకాయన ‘గారికి’ అని చూసి, పెళ్లాం పిల్లల్ని ఇంట్లో వదిలేసి ఒక్కడే వచ్చి, ముభావంగా భోంచేసి వెళ్లాడట. అప్పట్నుంచి నాన్న అందరికీ ‘వారికి’ అనే రాయమనేవాడు.

“బాబాయికి కూడానా నాన్నా?” అన్నాను.

బాబాయి అంటే నాన్న సొంత తమ్ముడు. రెడ్డిగూడెం తోట పంచుకున్నాక హనుమాన్ జంక్షన్‌లో కాపురం పెట్టాడు. అన్నదమ్ములకు మాటల్లేవు. అయినా మా అమ్మ లేదు కనుక నాన్న ఒక్కడూ పీటల మీద కూర్చోకూడదు. బాబాయీ పిన్నీ కూర్చుని నన్ను ధారపోసేలా పిన్నే ఎలాగో ఇద్దర్నీ ఒప్పించింది.

“అందరికీ ఒకటే. రాయి” అన్నాడు నాన్న. మా ఇంటిపేరే రాసి, మావాళ్లకే ‘వారికి’ అని పెట్టి పోస్టులో పంపడమేంటని గొణుగుతూనే ఉన్నాను. వింటేగా.

మూడోనాటికి పిన్ని బస్సు దిగింది. “మీ బాబాయి ఆ కార్డు చూసి అన్నం ముట్టలేదమ్మా. బయటివాళ్లకి రాసినట్టు రాశారు కదా, బయటివాళ్లలాగే వచ్చి భోంచేసి పోతాం, పీటలు మాకొద్దు అంటున్నారు.”

నాకు ఒళ్లు మండిపోయింది. రాయించినాయన ఒకపక్క బిగుసుకున్నాడు, చదివినాయన ఇంకోపక్క బిగుసుకున్నాడు. మధ్యలో నా పెళ్లి ఏమైపోవాలి? పిన్నితోపాటే జంక్షన్‌కి బయల్దేరాను.

“సొంత తమ్ముడికి ఇంటిపేరు రాసి పంపుతాడా మీ నాన్న? నా ఇంటిపేరు నాకు తెలీదా?” అన్నాడు బాబాయి, నన్ను చూడగానే.

“వచ్చేవారం నా ఇంటిపేరే మారిపోతుంది బాబాయ్. అప్పుడు నేనూ బయటిదాన్నేనా?” గట్టిగానే అడిగాను. అడుగుతుంటేనే ఏడుపొచ్చింది.

బాబాయి పెళ్లికి వచ్చాడు. పిన్నితో పీటల మీద కూర్చున్నాడు. నాన్నతో మాత్రం ఒక్క మాట లేదు. వీళ్లింక మారరని విసుక్కున్నాను. ధారపోసే వేళ గోత్రం, తాతల పేర్లు అయ్యాక పురోహితుడు “అమ్మాయి తండ్రి పేరు చెప్పండి” అన్నాడు. బాబాయి నోరు తెరిచాడు, మాట రాలేదు. పురోహితుడు మళ్లీ అడిగాడు. ముహూర్తం దాటిపోతోందని అందరూ కంగారుపడుతుంటే, ఈయనేమో కళ్లనీళ్లు పెట్టుకుని అన్న పేరు పలకలేకపోతున్నాడు. చివరికి స్తంభం వెనకనుంచి నాన్నే వచ్చి, తమ్ముడి భుజం మీద చెయ్యివేసి, తన పేరు తనే చెప్పాడు.