సున్నాలో కూర్చున్న రైతు

1988 జనవరి, ఒక గురువారం సాయంత్రం. ఉన్నవాళ్లు: మా చక్కెర ఫ్యాక్టరీ కంప్యూటర్ ఆఫీసరు, నేను.

చెరకు బండ్లను గేటులోకి ఏ వరుసలో వదలాలో చెప్పే ప్రోగ్రాంను పాత ఫోర్ట్రాన్ భాష నుంచి కొత్త సీ భాషలోకి మార్చాను. మర్నాటి నుంచే వాడకం. సార్ ఎప్పటిలాగే కాగితాలు బోర్లించి, "ఇప్పుడు తెలుగులో చెప్పప్పా" అన్నారు. నాకు పని నేర్పింది ఆ అలవాటే.

"ఒకటో రైతు నుంచి మొదలుపెడతాను సార్."

"పాత భాషకు ఒకటే మొదలు. కొత్తది సున్నా నుంచి లెక్కపెడ్తాది గదా. సున్నాలో కూర్చున్న ఆయప్ప యాడికి పోయినాడు?"

నా ప్రోగ్రాం ఒకటి నుంచే చదవడంతో, సున్నాలో ఉన్న మొదటి పేరే జారిపోయింది. అది పూతలపట్టు ఊరి రైతుది; అలాగే వదిలేసి ఉంటే ఆయన కోసిన చెరకు గేటు బయటే ఎండిపోయేది. వెంటనే దిద్దాను.

మర్నాడు పొద్దున లోపలికి వచ్చిన మొదటి బండి ఆయనదే. సార్ ఒక చెరకు గడ విరిచి నాకిచ్చారు.

"నమిలి తెలుగులో చెప్పు, ఎట్లుండాది?"