క్లచ్‌లో గాలి, గ్రేసమ్మ గారి సిరంజి

ముందే ఒప్పేసుకుంటాను. ఆ బండి క్లచ్‌లోకి గాలి ఎక్కించింది నేనే. 2023లో, ఎండలు ఇంకా ముదరకముందు, రావులపాలెం అరటి మార్కెట్‌కి కూతవేటు దూరంలో ఉన్న నా షెడ్డులో, ఇరవయ్యారేళ్ల అనుభవంతో, పట్టపగలు ఆ పని చేశాను.

బండి ప్రకాశం మాస్టారిది. ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. ఆ వయసులో అందరూ బీపీ మిషన్ కొనుక్కుంటే ఆయన సెకండ్‌హ్యాండ్‌లో పెద్ద మోటార్ సైకిల్ కొనుక్కున్నారు. దాని క్లచ్‌కి మామూలు బళ్లలా కేబుల్ ఉండదు. హ్యాండిల్ దగ్గర చిన్న డబ్బాలో బ్రేక్ ఫ్లూయిడ్ అనే ఆయిల్ ఉంటుంది. లివర్ నొక్కితే డబ్బా కిందున్న మాస్టర్ సిలిండర్ ఆ ఆయిల్‌ని సన్నటి గొట్టంలోకి తోస్తుంది. అది వెళ్లి ఇంజన్ పక్కనున్న స్లేవ్ సిలిండర్‌ని నెడితే క్లచ్ విడుతుంది. పైన ఉన్నది మాస్టర్, అది తోసినట్టల్లా కదిలేది స్లేవ్. మా ఇంట్లోనూ ఇదే ఏర్పాటు కాబట్టి నాకు తేలిగ్గానే అర్థమైంది.

పాత ఆయిల్ మార్చమన్నారు. కింద బ్లీడ్ నిపుల్ అని ఒక చిన్న మర ఉంటుంది. అది విప్పుతూ బిగిస్తూ, లివర్ నొక్కుతూ పాతది తీయాలి. పైన కొత్తది పోస్తూ ఉండాలి. పై డబ్బా ఎండిపోకూడదు, అంతే నియమం. ఎదురు టీ కొట్టు దగ్గర కూర్చున్న నలుగురు ఇదేం క్లచ్చని అడిగేసరికి నేను దాని గొప్పతనం మీద ఉపన్యాసం అందుకున్నాను. నేను గాలి కబుర్లు చెబుతుంటే డబ్బా ఖాళీ అయి క్లచ్ గాలి మింగింది.

ఆయిల్ నొక్కితే నలగదు, గాలి నలుగుతుంది. మనం పెట్టిన బలమంతా గాలి నలగడానికే సరిపోతుంది. లివర్ మగ్గిపోయిన చక్కెరకేళిలా మెత్తబడింది. పూర్తిగా నొక్కిపట్టి గేరు వేసినా బండి ముందుకి ఉరికి ఆగిపోయింది.

అది శుక్రవారం. అప్పుడు మాస్టారు అసలు సంగతి బయటపెట్టారు. వాళ్లావిడ గ్రేసమ్మ గారు ప్రభుత్వాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. ఈ వయసులో ఈ బండేంటని, కొన్న రోజు నుంచి దాని మీద ఎక్కలేదట. ఎట్టకేలకు ఒక్క అవకాశం ఇచ్చారట. ఆదివారం రాజమండ్రి చర్చిలో ఆవిడ పాట పాడాలి. ఆ బండి మీదే వస్తారు. దారిలో ఎక్కడైనా మొరాయించిందా, సోమవారం అమ్మేయాలి.

"ముచ్చటపడి కొనుక్కున్నానయ్యా సూర్రావూ," అన్నారు మాస్టారు. తిట్టినా అంత గుచ్చుకునేది కాదు.

శుక్రవారమంతా, శనివారం సగం అదే పని. లివర్ నాలుగుసార్లు కొట్టి పట్టుకోవడం, నిపుల్ విప్పడం, బిగించడం, వదలడం. నాలుగు బుడగలు వచ్చేవి, లివర్ మాత్రం గట్టిపడేది కాదు. పక్కనే నిలబడి మాస్టారు ద్రవాల పీడనం మీద పాఠం చెబుతూనే ఉన్నారు. టీ కొట్టు అబ్బులు అటునుంచి, "రెండ్రోజుల నుంచి పితుకుతున్నావు, ఎన్ని లీటర్లయిందేంటి?" అన్నాడు.

శనివారం మధ్యాహ్నం భోజనానికి రాలేదని మాస్టారిని వెతుక్కుంటూ గ్రేసమ్మ గారు వచ్చారు. స్టూలు మీద కూర్చుని అయిదు నిమిషాలు చూశారు.

"ఏం చేస్తున్నారండి?"

"గాలి తీస్తున్నానండి, సిస్టర్ గారూ."

"ఎటునుంచి?"

"కిందనుంచండి."

"గాలి ఎటు పోతుందండి మామూలుగా?"

నేను మాస్టారి వంక చూశాను. మాస్టారు బండి వంక చూశారు.

"సూది కిందకి పెట్టి సిరంజిలో గాలి తీస్తే మా ట్రైనింగులో చేతి మీద ఒక్కటిచ్చేవారు," అన్నారావిడ. "సూది పైకి పెట్టి, వేలితో రెండు దెబ్బలు కొట్టి, మెల్లగా తోస్తాం. మీరిద్దరూ పైకి పోయేదాన్ని పట్టుకుని కిందకి తోస్తున్నారేంటండి?"

నిజమే. నేను బుడగని జానెడు కిందకి తోస్తే, ఇంకోసారి లివర్ కొట్టేలోగా అది జానెడు పైకి పాకుతోంది.

ఆవిడ ఇంటికెళ్లి ఒక పెద్ద సిరంజి తెచ్చారు. మంచాన పడ్డ అత్తగారికి గొట్టం ద్వారా పాలు పట్టడానికి కొన్నవాటిలో మిగిలినదట, కవరు కూడా విప్పలేదు. దాని నిండా కొత్త బ్రేక్ ఫ్లూయిడ్ ఎక్కించి, గొట్టం తగిలించి, ముందు వాటిలో గాలి తీసేశాను. బండిని నిటారుగా నిలబెట్టి, పై డబ్బా అన్నిటికన్నా ఎత్తులో ఉండేలా హ్యాండిల్ తిప్పాను. గొట్టం కొస నిపుల్‌కి తొడిగి, మర విప్పి కిందనుంచి మెల్లగా తోశాను. పైన డబ్బా నిండుతుంటే మాస్టారు తోడేస్తున్నారు. గ్రేసమ్మ గారు క్లచ్ గొట్టం పొడుగునా వేలితో కొడుతూ వచ్చారు. డబ్బాలో ముందు చిన్న బుడగలు లేచాయి. తర్వాత ఉసిరికాయంత ఒకటి వచ్చి టప్పున పగిలింది. ఆ తర్వాత ఏమీ రాలేదు.

లివర్ గట్టిగా నిలిచింది. గేరులో వేసి, క్లచ్ పట్టి తోస్తే బండి పడవలా కదిలింది. దానిలోంచి పోయిన గాలి నా ఊపిరితిత్తుల్లోకి వచ్చినట్టయింది.

అయినా ఆదివారం మధ్యాహ్నం దాకా ముద్ద దిగలేదు. ఒంటిగంటకి మాస్టారి ఫోన్. గౌతమి వంతెన మీద గెలల లారీ ఆగిపోయి, కదులుతూ ఆగుతూ అరగంట పట్టిందట. క్లచ్ ఒక్కసారీ మొరాయించలేదట. "వచ్చేటప్పుడు ఇంకాస్త స్పీడుగా పొమ్మందయ్యా," అన్నారు. ఫోన్ పెట్టేసి రెండోసారి అన్నం వడ్డించమన్నాను.

అప్పటి నుంచి ఏ పని పట్టినా, బయటికి రావలసింది తనంతట తాను ఎటు పోవాలనుకుంటోందో ముందు చూస్తాను. అటువైపే సాయం చేస్తాను. ఇద్దరు తెలిసినవాళ్లు ఒకే తప్పు చేస్తున్నప్పుడు మూడో మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టడం మంచిదని కూడా తెలిసింది.

వారం తిరక్కుండా అబ్బులు ఇంకో కబురు చెప్పాడు. "గాలి తేలిక కదా అని నేనే చెప్పాను, అప్పుడు పట్టుకున్నాడు సూర్రావు" అని మాస్టారు టీ కొట్టులో అంటున్నారట. బ్రేక్ ఫ్లూయిడ్‌కి రబ్బరు ఉబ్బి ఆ సిరంజి మళ్లీ పనికిరాకుండా పోయింది. దాన్ని గోడకి మేకుతో తగిలించి, పక్కన రంగుతో రాయించాను: "గాలి పైకి పోవును – గ్రేసమ్మ గారు." కస్టమర్ల కుర్చీ సరిగ్గా దాని కిందకి జరిపాను. టీ కొట్టులోంచి చూస్తే కుర్చీలో మనిషీ, తల మీద రాతా ఒకేసారి కనిపిస్తాయి.

మాస్టారు ఇప్పటికీ సర్వీసుకి నా దగ్గరికే వస్తారు. "కూర్చోండి మాస్టారూ," అంటాను. పర్లేదులే అంటూ, పని అయ్యేదాకా నిలబడే ఉంటారు.